ఏటి అవతల మా పెద్దోడూ చిన్నోడూ

కాకినాడలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో ఎవరైనా తమ ఊరికి రమ్మంటే బస్సు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పేవారు. మా పెద్దోడూ చిన్నోడూ మాత్రం తిథి చెప్పేవారు. "చవితినాడు రా. పన్నెండింటికి పోటు మీదుంటది. మూడు లోపు యానాం రేవు దాటేశావంటే దీపాల వేళకి మా ఇంట్లో ఉంటావు. పున్నానికో అమాసకో బయల్దేరకు, ఏరు మహా విసురుగా ఉంటది, మా అమ్మ కంగారు పడిపోద్ది" అని పెద్దోడు చెబుతుంటే మా గదిలో మిగతావాళ్లం నోరు తెరుచుకుని వినేవాళ్లం.

మాది పెద్దాపురం పక్క మెట్ట ఊరు. చెరువు నిండితే పండగ, లేకపోతే లేదు. ఒక ఊరికి వెళ్లాలంటే చంద్రుణ్ణి అడగాలన్న సంగతి నాకు అప్పటిదాకా తెలీదు.

వాళ్లిద్దరూ అన్నదమ్ములు. చిన్నోడికి చదువు ముందే మొదలెట్టించడం వల్ల ఇద్దరూ ఒకే క్లాసులో ఉండేవారు. ఇంట్లో పిలిచే పిలుపే హాస్టల్లోనూ నిలిచిపోయింది. అసలు పేర్లు హాజరు పట్టీలోనే ఉండేవి. పెద్దోడు నెమ్మది మనిషి, లెక్కల్లో గట్టివాడు. చిన్నోడు మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూర్చోలేడు. మెస్సులో చేపల కూర వండిన రోజున మాత్రం ఇద్దరూ ఒకేలా మొహం పెట్టేవారు. "ఇది చేప కాదెహె, ఐసు" అనేవాడు చిన్నోడు.

వాళ్ల ఊరు ఒక లంక. మ్యాపులో చూస్తే ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది కదా. గౌతమి నుంచి మళ్లీ వృద్ధగౌతమి విడిపోతుంది. ఈ రెండిటి మధ్యన ఉన్న నేలే ఐ.పోలవరం, మురమళ్ల, ఎదుర్లంక ఉన్న దీవి. ఆ దీవిని ఆనుకుని, వృద్ధగౌతమి నీళ్ల మధ్యలో, ఇంకో చిన్న లంక వాళ్లది. అంటే దీవి దాటి మళ్లీ దీవి. కాకినాడ నుంచి వెళ్లాలంటే యానాం దగ్గర గౌతమిని పంటు మీద దాటాలి, ఎదుర్లంకలో దిగి మురమళ్ల దాకా రోడ్డున పోవాలి, అక్కడ ఏటిగట్టు దిగి నాటు పడవ ఎక్కాలి. ఇదంతా వద్దనుకుంటే రామచంద్రపురం, జొన్నాడ, రావులపాలెం మీదుగా చుట్టూ తిరిగి బస్సుల్లో రావచ్చు. రోజంతా దానికే పోతుంది, చివర్న పడవ ఎలాగూ తప్పదు.

1984 దీపావళి వెళ్లాక నాగులచవితికి నన్ను రమ్మన్నారు. అన్నదమ్ములు పండక్కి ముందే ఇంటికి వెళ్లిపోయారు. చేతిలో కాకినాడ కాజాల పొట్లం పట్టుకుని నేనొక్కణ్ణే బయల్దేరాను. తాళ్లరేవు దాటాక బస్సు టైరు పోయింది. డ్రైవరూ కండక్టరూ చక్రం మార్చేసరికి పొద్దు బాగా వాలింది. యానాం రేవుకి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. చెప్పిన మూడు ఎప్పుడో దాటిపోయింది.

పంటు చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన పెట్టి, మీద అడ్డంగా దూలాలు బిగించి, బల్లలు పరుస్తారు. చుట్టూ కర్ర కమ్మీలు ఉంటాయి. నడిపేది డీజిల్ ఇంజను. మనుషులు, సైకిళ్లు, స్కూటర్లు, అరటి గెలలు, కోళ్ల గంపలు, ఒక్కోసారి జీపు, ఒక్కోసారి దూడతో సహా గేదె, అన్నీ దాని మీదే. ఏటా రేవు పాట జరిగేది. పాట దక్కించుకున్నవాళ్ల మనిషి ఒడ్డున బల్ల వేసుకుని కూర్చుని డబ్బులు వసూలు చేసేవాడు. పంటు నడిపే సరంగు బీడీ కాల్చుకుంటూ ఏటి వైపే చూస్తుండేవాడు, ఎక్కే జనం వైపు చూసేవాడు కాదు. అప్పుడది నాకు వింతగా అనిపించింది. తర్వాత తర్వాత తెలిసింది, ఆయన చూసేది ఇసక మేటలు ఎక్కడ తేలుతున్నాయా అని.

ఆ రోజు పంటు నిండా జనం. యానాంలో చేపలు అమ్ముకుని ఖాళీ తట్టలతో వెళ్తున్న ఆడవాళ్లు, పాల క్యాన్ల వాళ్లు, సైకిలు మీద చీరల మూట కట్టుకున్న ఒకాయన, చంటిపిల్లలతో పుట్టిళ్ల నుంచి వెళ్తున్న తల్లులు. గౌతమి అక్కడ మైలు వెడల్పు పైనే. ఒడ్డు వదిలిన కాసేపటికి గాలి మారింది. నీళ్లలో సముద్రం వాసన తెలుస్తోంది. నేను కమ్మీ పట్టుకుని నిలబడి రెండు ఒడ్లూ మార్చి మార్చి చూస్తున్నాను. నడి ఏట్లోకి వచ్చాక కింద ఏదో గీసుకున్న చప్పుడయింది. పంటు ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

పోటు తీసి పాటు మొదలవడంతో నీళ్లు సముద్రంలోకి లాగేశాయి, ఇసక మేట తగిలింది. ఇద్దరు కళాసీలు నీళ్లలోకి దూకారు. నడుము లోతే ఉంది. నడి గోదావరిలో మనుషులు నడుములోతు నీళ్లలో నిలబడటం చూస్తే మెట్ట వాడికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. భుజాలు పెట్టి తోశారు, గెడలు వేసి నెట్టారు, ఇంజను ముందుకీ వెనక్కీ తిప్పారు. పంటు కదల్లేదు. సరంగు ఇంజను ఆపేసి, "పోటు రావాలండి, మనమేం చెయ్యలేం" అని బీడీ వెలిగించుకున్నాడు.

నాకు ఒకటే టెన్షన్. చీకటి పడుతోంది, అవతల చిన్నోడు ఎదురుచూస్తుంటాడు, కబురు చెప్పే దారి లేదు. మిగతావాళ్లు మాత్రం ఏమీ జరగనట్టు సర్దుకుని కూర్చున్నారు. ఒకావిడ వేరుశనగకాయల మూట విప్పి అడక్కుండానే నా చేతిలో గుప్పెడు పోసింది. చీరలాయన కూతురి పెళ్లి సంబంధం గురించి పాలవాళ్లతో చెప్పడం మొదలెట్టాడు. చంటిపిల్లలు ఆకలికి ఏడుపు అందుకున్నారు. నా కాజాల పొట్లం విప్పేశాను. ఒక్కోటి అలా చేతులు మారుతూ పంటు ఆ చివరిదాకా వెళ్లింది. ఒకావిడ తన పిల్లాడి నోట్లో కాజా పెడుతూ "ఎవరింటికి బాబూ?" అని అడిగింది. చెప్పాను. "ఓలమ్మ, ఆళ్లింటికా! అయితే నీకేం భయం లేదు. రాత్రి ఎంతైనా ఆ తల్లి అన్నం పెట్టకుండా పడుకోదు" అంది. నడి ఏట్లో ఇసక మీద కూర్చుని, నేను ఎన్నడూ చూడని ఇంటి గురించి ఆ మాట విన్నాక ధైర్యం వచ్చింది.

పోటు రావడం కంటికి కనపడదు. మొదట పంటు కింద ఇసక నానిన చప్పుడు. తర్వాత అప్పటిదాకా సముద్రం వైపు కొట్టుకుపోతున్న గుర్రపుడెక్క ఆకు ఒకచోట ఆగిపోయి, మెల్లగా మా వైపు రావడం మొదలెట్టింది. లాంతరు వెలుగులో దాన్ని చూపించి ఒక కళాసీ "ఎక్కుతుందండి" అన్నాడు. ఇంకొంతసేపటికి బల్లలు కాళ్ల కింద తేలికయ్యాయి. ఇంజను వేశారు. ఎదుర్లంక రేవులో దిగేసరికి రాత్రి ఎనిమిది దాటింది.

చిన్నోడు సైకిలు పక్కన ఆ రేవులోనే కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నాడట. నన్ను చూడగానే "మేట ఎక్కేశారా?" అన్నాడు, అంతే. నన్ను వెనక ఎక్కించుకుని చీకట్లో తొక్కడం మొదలెట్టాడు. మురమళ్ల వీరేశ్వరస్వామి గుడి దగ్గర నిత్యకల్యాణం జరుగుతున్నట్టుంది, సన్నాయి వినిపిస్తోంది. అక్కడ ప్రతి రాత్రీ స్వామికి పెళ్లే. పెళ్లి కుదరనివాళ్లు వచ్చి కల్యాణం చేయిస్తారు. "నీకు కూడా ఓ టిక్కెట్టు రాయించేద్దామా?" అన్నాడు చిన్నోడు. అప్పటికి మాకు పందొమ్మిదేళ్లు.

ఏటిగట్టు దిగి రేవులో నిలబడి, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని "నావోయ్!" అని కేకేశాడు. అవతల వైపు నుంచి గాలి వీస్తే ఈ కేక వినపడదు. పగలైతే గెడకి తెల్ల తువ్వాలు కట్టి నిలబెడతారు. రాత్రయితే లాంతరు ఊపాలి. ఆ రాత్రి గాలి మా వైపు నుంచే వీస్తోంది. రెండో కేకకి అవతల ఒక దీపం కదిలింది.

"ఎవురదీ?"

"నేనే తాతా, చిన్నోణ్ణి. మా స్నేహితుడొచ్చాడు."

"ఆ కాకినాడ బాబా? మీ అమ్మ పొద్దుగూకిన కాణ్నుంచి నన్ను పడుకోనిత్తేనా. ఉండండి, వత్తన్నా."

ఆ తాత గురించి ఒకటి చెప్పాలి. ఊరంతా ఏడాదికోసారి పంట మీద ఆయనకి ధాన్యమో కాయో కొలిచేవారు. బయటివాళ్లయితే డబ్బులిచ్చేవారు. చిన్నోడి దగ్గర మాత్రం ఆయన ఏనాడూ ఏమీ పుచ్చుకోలేదు. వాళ్లమ్మకి నొప్పులొస్తే మురమళ్ల తీసుకెళ్దామని రాత్రి పూట పడవ ఎక్కించారట. ఏరు సగం దాటేసరికే పిల్లాడు పుట్టేశాడు. "ఆడు నా నావలో పుట్టినోడు, ఆడి దగ్గర డబ్బులేంటి?" అనేవాడు తాత. ఈ కథ లంకలో అందరూ ముచ్చటగా చెప్పుకునేవారు. వాళ్లమ్మ మాత్రం ఎప్పుడు విన్నా నవ్వేది కాదు. నాకు పెళ్లయి, నా భార్యని కాన్పుకి తీసుకెళ్లిన రాత్రి, ఆవిడ ఎందుకు నవ్వలేదో అర్థమయింది.

పడవ దిగి, బురదలో పరిచిన తాటిమొద్దు మీద నడిచి, కొబ్బరి తోటలోంచి వెళ్తే ఇల్లు. ఎత్తైన అరుగు, తాటాకు కప్పు. వరదకి భయపడి లంకలో అందరూ అరుగులు ఛాతీ ఎత్తున కట్టుకునేవారు. వాళ్లమ్మ గుమ్మంలోనే ఉంది. నా గురించి అడగలేదు, ఆలస్యం గురించి అడగలేదు. "కాళ్లు కడుక్కో బాబూ, అన్నం చల్లారిపోద్ది" అంది. చవితి కాబట్టి ఆ పూట నీసు లేదు. పప్పు, కంద బచ్చలి, గడ్డపెరుగు. పుట్టలో పాలు పోసొచ్చిన ప్రసాదం చలిమిడీ, చిమ్మిలీ విడిగా దాచి ఉంచింది. నేను చేతులు ఖాళీగా వచ్చానని, కాజాలు పంటు మీదే అయిపోయాయని చెప్పాను. "మంచి పని చేశావు నాయనా" అంది, నిజంగా సంతోషపడి.

మర్నాడు చీరమేను.

కార్తీకంలో తూరుపు గాలి తిరిగాక యానాం, ఎదుర్లంక, భైరవపాలెం చుట్టుపక్కల దొరుకుతుంది. దారప్పోగులంత చేపపిల్లలు. వలకి ఆగవు, అందుకే నూలు చీరలతో పడతారు. తెల్లారకముందే పెద్దోడూ, వాళ్ల నాన్నా చీర రెండు కొసలూ పట్టుకుని ఒడ్డు వెంబడి నీళ్లలో నడుస్తుంటే నేనూ దిగాను. చీర పైకెత్తితే నీరంతా జారిపోయి మధ్యలో తెల్లటి ముద్ద మిగిలేది. దగ్గరికి వంగి చూస్తే ఆ ముద్దలో వందల కళ్లు, నల్లటి చుక్కలు, ఒక్కొక్కటీ కదులుతూ.

వండటం కన్నా కడగటం పెద్ద పని. వాళ్లమ్మ వెడల్పాటి తప్పేలాలో చీరమేను పోసి, నీళ్లు పోసి, వేళ్లు విప్పి గిన్నె అడుగు తాకకుండా పైపైన కలిపేది. ఇసక కిందకి దిగేది. తేలిన మేనుని గుడ్డలోకి వంచి, అడుగున మిగిలిన ఇసక పారబోసి, మళ్లీ మొదలు. గడ్డిపరకలు, పీత పిల్లలు ఒక్కొక్కటీ ఏరేది. నాకు తెల్లగా, శుభ్రంగా కనిపిస్తున్నా ఆవిడ ఆపేది కాదు. వేలి కొసతో చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంకా ఉంది" అని ఇంకో బిందె నీళ్లు తెమ్మనేది. బావి నుంచి తోడి తెచ్చే పని మా ముగ్గురిదీ. చివరికి లేత చింతకాయ తొక్కి వేసి కొంత కూర వండింది. మిగిలింది నానబెట్టి రుబ్బిన శనగపప్పులో కలిపి, ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం తగిలించి గారెలు వేసింది. పొయ్యి పక్కనే కూర్చుని తిన్నాం. నాయనమ్మ కార్తీకం అంతా నీసు ముట్టదు. ఆవిడ దూరంగా అరుగు చివర కూర్చుని చుట్ట అడ్డపొగ వేసుకుని, నిప్పు నోట్లో పెట్టుకునే, నేనెన్ని తిన్నానో లెక్కేసి కోడలికి చెబుతోంది, ఇంకో రెండు వెయ్యమని.

రెండు రోజులుండి వెళ్దామనుకున్నాను. అక్టోబరు 31న బయల్దేరదామని సంచీ సర్దుకుంటే పెద్దోడు రేపు పోదువులే అని ఆపాడు. ఆ సాయంత్రం రేడియోలో ఇందిరాగాంధీ హత్య వార్త వచ్చింది. లంకలో ట్రాన్సిస్టర్లు ఉన్న ఇళ్లు ఒకటో రెండో. జనమంతా వాళ్ల అరుగు ముందు చేరారు. ఎవరూ మాట్లాడలేదు. పెద్దోడి నాన్న లంక భూమి పట్టా అందుకున్నది ఆవిడ రోజుల్లోనే. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే తాత అవతలి ఒడ్డు నుంచి వచ్చి, బస్సుల్లేవు, కొట్లు మూసేశారు, పంటు కట్టేశారు అని చెప్పాడు. నన్ను చూసి, "నువ్విక లంకోడివే బాబూ" అన్నాడు.

అలా దారులు తెరుచుకునేదాకా అక్కడ ఉండిపోయాను. ఊరు ఊరంతా సంతాపంలో ఉంది. పొద్దుపోక తాత దగ్గర గెడ వెయ్యడం నేర్చుకున్నాను. గెడ నిటారుగా దించాలి. అడుగు తగిలిన తర్వాత ఒంటి బరువు దాని మీద వాల్చాలి. చేతులతో నెడితే అరగంటలో భుజాలు పడిపోతాయి. మట్టిలో దిగబడితే లాగకూడదు, కొంచెం తిప్పి వదులు చేసుకోవాలి. "లాగేవనుకో, నావ ఎల్లిపోద్ది, నువ్వు గెడకి యేలాడతా ఉంటావు" అనేవాడు తాత. పడవలో ఊరే నీళ్లు తోడటానికి అడ్డంగా కోసిన నూనె డబ్బా ఉండేది. ఆ పని చిన్నోడిది. వాడు తోడుతూ మాట్లాడుతూనే ఉండేవాడు. అరటి గెలలు, వంకాయల బుట్టలు వేశాక పడవ అంచుకీ నీటికీ నాలుగు వేళ్ల ఎడం ఉండేది. అలాంటప్పుడు మాత్రం తాత వాణ్ణి నోరు ముయ్యమనేవాడు.

లంకలో మట్టి సంగతి మా మెట్ట వాళ్లు నమ్మరు. చేత్తో తవ్వితే మోచేతి దాకా దిగే ఒండ్రు. అరటి, కొబ్బరి, కంద, కూరగాయలు, ఏది పెడితే అది. ఎండాకాలం వస్తే మాత్రం సముద్రపు నీరు ఎగదన్ని ఏరు ఉప్పనైపోతుంది. అప్పుడు తాగేనీళ్లు కూడా అవతలి కాలవ నుంచి బిందెలతో పడవలో రావాలి. చుట్టూ గోదావరి ఉంటుంది, గొంతు తడవదు. ఆ నీళ్లు మోసేది ఆడవాళ్లే. పెద్దోడి అమ్మ భుజం మీద, బిందె అంచు ఒరుసుకుని కాయ కాసిన చోటు నేను చూశాను.

1986 ఆగస్టులో పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకి వెళ్లిందని పేపర్లో చదివి నా గుండె జారిపోయింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే దాదాపు 17 లక్షలకి. దానికి ఇది రెట్టింపు. అప్పటికి డిగ్రీ పరీక్షలు రాసి ఎవరి ఊళ్లలో వాళ్లం ఉన్నాం. ఉత్తరం రాస్తే ఎవరు అందుకుంటారు? హాస్టల్ స్నేహితులం కొందరం బియ్యం, కందిపప్పు, అగ్గిపెట్టెలు, పాత బట్టలు మూట కట్టుకుని నీరు తీశాక వెళ్లాం.

వాళ్లంతా ఏటిగట్టు మీద తాటాకుల కింద ఉన్నారు. గేదెలు పక్కనే కట్టేసి ఉన్నాయి. అందరూ క్షేమం. నీరు ఎక్కుతున్న రాత్రి తాత తెల్లవార్లూ లంకకీ గట్టుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడట. ముందు పిల్లల్ని, గర్భిణుల్ని, తర్వాత ముసలివాళ్లని, ఆఖర్న మగవాళ్లని. గేదెల్ని వదిలేస్తే అవే ఈదుకొచ్చాయి. నాయనమ్మని ఎత్తుకుని పడవలో కూర్చోబెడితే చుట్టల కట్ట అటకెక్కించి వచ్చానని దారంతా గొడవ పడిందట. ఆ మాట చెబుతూ ఆ కష్టంలో కూడా పెద్దోడి నాన్న నవ్వాడు. ఇంటికి వెళ్లి చూస్తే నీరు తీసిన గీత గోడ మీద నా తలకన్నా ఎత్తున ఉంది, అదీ అరుగు మీద నిలబడి చూస్తే. ఇల్లు మాత్రం నిలబడింది. గదిలో మోకాలి లోతు బురద. అందరం కలిసి పలుగులతో, తట్టలతో ఎత్తిపోశాం. ఆ సంక్రాంతికి వాళ్ల పొలంలో కాసిన వంకాయలు మళ్లీ జన్మలో చూడలేదు. వరద ఒక చేత్తో ఊడ్చుకుపోయి ఇంకో చేత్తో ఇచ్చింది.

కానీ అసలు నష్టం అప్పుడు మాకు తెలియలేదు. ఆ వరదకి ఏటి ఒరవడి మారింది. లంక పడమటి కొస కోత మొదలయింది. తర్వాత ప్రతి వానాకాలం కాస్త కాస్త. ఈ ఏడు నాలుగు కొబ్బరి చెట్లు, పై ఏడు రేవు, ఆపైన గడ్డివాము వేసే దొడ్డి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను విరుచుకుపడి వెయ్యి మందికి పైగా చనిపోయినప్పుడు వాళ్ల తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కొబ్బరి వేర్లు పోయిన చోట మట్టిని పట్టేది ఏముంటుంది? కోత ఇంకా జోరందుకుంది.

2002లో యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన వచ్చింది. దానికి జి.ఎం.సి. బాలయోగి గారి పేరు పెట్టారు. ఆయన పుట్టింది ఎదుర్లంకలోనే. లోక్‌సభ స్పీకర్ దాకా ఎదిగి, ఆ ఏడాది మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. వంతెన మీద మొదటిసారి వెళ్లినప్పుడు కారు మధ్యలో ఆపి, మా పంటు ఎక్కడ ఆగిపోయిందో చూద్దామని కిందకి చూశాను. నీళ్లు తప్ప ఏం తెలుస్తుంది? కానీ పంటు పోయిందే అని నేను బాధపడలేదు. రాత్రి పూట ఒంట్లో బాగోకపోతే కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లే దారి పడింది. మా తరం వాళ్లు కొందరు వంతెనలొచ్చి గోదావరి అందం పోయిందంటుంటారు. ఆ మాట నాకు నచ్చదు. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర ఇదే వృద్ధగౌతమిలో, బడి నుంచి ఇళ్లకి వెళ్తున్న పిల్లల పడవ, సగంలో ఆగిన వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. పుస్తకాల సంచులతో ఉన్న ఆడపిల్లలు కొట్టుకుపోయారు. ఆ వంతెన పూర్తయి ఉంటే వాళ్లు దాని మీద నడిచి ఇళ్లకి వెళ్లేవారు. పడవ ప్రయాణం గురించి ఇంత ప్రేమగా రాస్తున్న నేను, ఆ పిల్లల్ని తలుచుకోకుండా రాయలేను. ప్రతి లంకకీ వంతెన పడాలి, పడేదాకా ప్రతి పడవలోనూ లైఫ్ జాకెట్లు ఉండాలి, ఒడ్డుకి రాళ్ల కట్ట పడాలి.

పెద్దోడి ఇల్లు 2006 ఆగస్టు వరదకి ఏట్లో కలిసిపోయింది. ఈసారి ముందే అందరూ ఒడ్డుకి వచ్చేశారు. గోడ పడేటప్పుడు పెద్దోడు గట్టు మీద నిలబడి చూశాడట. ఫోన్లో ఆ సంగతి చెప్పి, కాసేపు ఆగి, "అరుగు మాత్రం రెండ్రోజులు నిలబడిందిరా" అన్నాడు. మా గీతలు, మా బురద, చీరమేను పొయ్యి, అన్నీ ఆ అరుగు మీదవే. నేనేం మాట్లాడలేకపోయాను. ఆ ఊరి పేరు ఇప్పుడు గట్టు ఇవతల ఉన్న ఒక కాలనీకి ఉంది. అందుకే ఇక్కడ ఆ పేరు రాయలేదు. వెతుక్కుంటూ వెళ్తే మీకు కనపడేది మా లంక కాదు.

తాత ఈ 2006 వరదకి చాలా ముందే పోయాడు. ఆయన మనవడు ఇప్పుడు ఇంజను పడవ నడుపుతున్నాడు. పెద్దోడు లెక్చరర్‌గా రిటైరయి అమలాపురంలో ఉంటున్నాడు. చిన్నోడు మాత్రం ఎటూ కదల్లేదు. ఏరు వదిలేసిన ఎకరంన్నరలో అరటి వేస్తాడు, పొద్దున్నే పడవలో వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొస్తాడు. మానెయ్యరా అంటే, "మిగిలింది కూడా వదిలేస్తే ఏరు తీసుకున్నట్టు కాదు, నేనిచ్చినట్టు" అంటాడు. నాకు వాడి మాట సబబుగానే అనిపిస్తుంది. అరవై దాటినవాడు రోజూ ఏరు దాటుతుంటే వానాకాలం వచ్చినప్పుడల్లా నాకు భయంగానూ ఉంటుంది. ధవళేశ్వరం నీటిమట్టం ఎంతో టీవీలో చూడకుండా ఇప్పటికీ నిద్రపోను.

కార్తీకం వస్తే అందరం చిన్నోడి ఇంట్లో కలుస్తాం. పెళ్లాలూ పిల్లలూ, ఇప్పుడు మనవలూ. చీరమేను ఈమధ్య అంత సులువుగా దొరకడం లేదు. యానాం బజారులో మంచి ధర పెట్టి కొనాలి. వాళ్లమ్మకి చూపు సరిగ్గా ఆనదు, కింద కూర్చోలేదు. పెరట్లో కుర్చీ వేయించుకుంటుంది. కోడళ్లిద్దరూ కుళాయి కింద తప్పేలా పెట్టి కడుగుతుంటే ఆవిడ చెయ్యి చాపుతుంది. చిన్న కోడలు చిటికెడు మేను ఆ అరచేతిలో పెడుతుంది. ఆవిడ రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంకా ఉందే. ఇంకో నీళ్లు పొయ్యండి" అంటుంది.